చింతగింజల తిత్తి

మొన్న మంగళవారం నిజామాబాద్ ఆస్పత్రిలో మా పెద్దదానికి నెత్తురు ఎక్కుతుండగా మా ఆయన వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. బోధన్ నుంచి ఫోన్ వచ్చిందన్నాడు. "మీ మేడం పోయిందట. పొద్దున చాయ్ తాగి కుర్చీల కూసున్నదట, గట్లనే పోయిందట" అన్నాడు. నేను సంచిలోంచి పడే నెత్తురు చుక్కలు లెక్కపెడుతున్నాను. పదకొండేళ్లుగా అదే నా అలవాటు. ఎక్కడిదాకా లెక్కపెట్టానో మరిచిపోయాను. శ్రావణి కళ్లు తెరవకుండానే "చింతగింజల మేడమా?" అని అడిగింది.

నిజం చెప్పాలి. ముందు నాకు దుఃఖం రాలేదు, భయం వేసింది. పది రోజుల్లో హైదరాబాద్ నుంచి ఒక కాగితం రావాల్సి ఉంది. శ్రావణికి తమ్ముడి ఎముకల మూలుగ సరిపోతుందో లేదో అందులో ఉంటుంది. సరిపోతే, మూలుగ ఎక్కించాక మూడు వారాలకోసారి ఈ మంచం ఎక్కే పని దానికి తప్పవచ్చు. సరిపోకపోతే ఇప్పటిలాగే. ఇన్నేళ్లూ మా ఇంటికి వచ్చిన ఇలాంటి ప్రతి కాగితాన్నీ ఆమే చదివి చెప్పింది. పోయిన మనిషి కోసం ఏడవాల్సింది పోయి, ఆ కాగితం ఇక ఎవరి చేతిలో పెట్టాలా అని నా భయంలో నేను కూర్చున్నాను. ఆ సిగ్గు కొంతైనా తీరుతుందని ఇది రాస్తున్నాను.

ఆమె మాకు జువాలజీ చెప్పిన మేడం. పేరు రాయను. ఉన్నన్ని రోజులూ మేమెవరం ఆమెను పేరుతో పిలవలేదు, ఇప్పుడు రాస్తే ఇంకెవరి గురించో రాసినట్టుంటుంది. మాది వేల్పూర్. పసుపు ఉడకబెట్టే రోజుల్లో నా చేతులు, నోటు పుస్తకాలు, ఓణీ అంచులు అన్నీ పచ్చగా ఉండేవి. అలాగే బస్సెక్కి నిజామాబాద్‌లో ఆడపిల్లల జూనియర్ కాలేజీకి వెళ్లేదాన్ని. మొదటి రోజే నా రికార్డు పుస్తకం చూసి, "ఈ పిల్ల గీసిన కప్పకు కామెర్లు వచ్చినయి" అంది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. అప్పటినుంచి ఆమె ఏం చెప్పినా నాకు మనసులో నాటుకునేది.

మెథడిస్టు క్రైస్తవుల ఇంటి మనిషి. తండ్రి ఊళ్లలో మందులిచ్చే కాంపౌండరు. గడియారం ముఖం మణికట్టు లోపలివైపుకి ఉండేలా కట్టుకునేది. సుద్దముక్కను చేతిరుమాలులో చుట్టి పట్టుకునేది, వేళ్లకు అంటకూడదని. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు. ధైర్యం ఆమెకూ తక్కువే. కప్పను కోసి గుండె చూపించే మనిషి గోడ మీద బల్లి కనపడితే కుర్చీ ఎక్కేది. సూది పేరు చెబితే ముఖం పాలిపోయేది. "నాకు భయం ఎక్కువ బిడ్డా" అని దాచుకోకుండా చెప్పేది. "భయం ఉంటే ఉండనీ. లెక్క మాత్రం సరిగ్గ వెయ్యాలె." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో.

ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక పుస్తకం ఉందని, అందులో నాలుగే అక్షరాలతో మూడు వందల కోట్ల అక్షరాల రాత ఉందని ఆమె చెప్పినప్పుడు మా బెంచీలో ఎవరూ నమ్మలేదు. జన్యువు అనే మాట ఒకసారి బోర్డు మీద రాసి, ఆ తర్వాత అంతా అక్షరాలు, తప్పులు, దిద్దుబాట్లు అంటూనే పాఠం నడిపేది. తల్లిదండ్రుల జబ్బులు పిల్లలకు ఎట్లా వస్తాయో చెప్పే రోజు చేతి సంచిలోంచి ఒక తిత్తి తీసింది. పాత జాకెట్ గుడ్డతో కుట్టి, మూతికి తాడు పోసిన చిన్న తిత్తి. అందులో నాలుగు చింతగింజలు. మూడింటిని బండకు రాసి తెల్లగా చేసింది, ఒకదాన్ని నల్లగానే ఉంచింది.

"తల్లి దగ్గర రెండు అక్షరాలు, తండ్రి దగ్గర రెండు. ఇద్దరి దగ్గర గూడ ఒకటి మంచిది, ఒకటి తప్పుది. పిల్లకు చెరొకటి ఇస్తరు. రెండు తప్పువే పడ్డ పిల్లకు జబ్బు వస్తది. ఒక్కటే పడితే రాదు, మోసుకుంట తిరుగుతది గంతే" అని బోర్డు మీద నాలుగు గళ్లు గీసి, గడికో గింజ లెక్క, నల్లది జబ్బు గడి అంది. తర్వాత నలుగురిని పిలిచి వరుసగా గింజలు తీయించింది. మొదటి పిల్లకే నల్లది వచ్చింది, పాపం ముఖం మాడ్చుకుంది. వెనక నిలబడ్డ మా ముగ్గురికీ ఇక భయం లేదు. నవ్వుకుంటూ తలో తెల్ల గింజ తీసుకుని వెళ్లి కూర్చున్నాం. ఆ పాఠం నాకు బాగా అర్థమైందనుకున్నాను.

ఇంటర్ అయిన రెండేళ్లకు నన్ను మా మేనమామ కొడుక్కే ఇచ్చారు. బోధన్‌కీ రుద్రూర్‌కీ మధ్య ఊరు, చెరుకు తోటలు. చిన్నప్పటినుంచీ తిరిగిన ఇల్లే కాబట్టి నాకు అత్తగారిల్లన్న బెరుకు కూడా లేదు. శ్రావణి పుట్టిన ఎనిమిది నెలలకు పాలిపోవడం మొదలైంది. పొట్ట ఉబ్బింది, పాలు తాగితే ఆయాసపడేది. నిజామాబాద్ డాక్టరు హైదరాబాద్ పంపితే అక్కడ తలసీమియా అన్నారు. దాని ఒళ్లు మంచి నెత్తురు తయారు చేసుకోలేదని, బతికున్నన్నాళ్లూ ఎక్కించాలని చెప్పారు. మా ఇద్దరికీ పరీక్ష చేస్తే ఇద్దరిలోనూ ఆ తప్పు అక్షరం ఉంది. "మీకు పుట్టే పిల్లల్లో నాలుగింట ఒక వంతు ఈ జబ్బు వచ్చే వీలుంది" అన్నాడు అక్కడి డాక్టరు.

ఆ మాట వినగానే నాకు నాలుగు చింతగింజలు గుర్తొచ్చాయి. చెబితే నమ్ముతారో లేదో, అంత దుఃఖంలోనూ నాకు ఊరట కలిగింది. నల్ల గింజ మొదటిదే వచ్చేసింది కదా. ఇక తిత్తిలో మిగిలినవన్నీ తెల్లవే కదా. శ్రావణికి మూడేళ్లు నిండాక మా అత్తమ్మ ఇంకొకరిని కనమని మొదలుపెట్టింది. మా ఆయన వద్దన్నాడు. ఆస్పత్రి మంచం మీద ఒక పిల్లను చూసినవాడు ఇంకో పిల్లను తలచుకోవడానికే వణికాడు. నేనే ఆయనకు గళ్లు గీసి చూపించి ఒప్పించాను. సైన్సు చదువుకున్న కోడలు లెక్క వేసి చెబితే ఇంట్లో కాదనేవాళ్లెవరు?

రెండు నెలలు తప్పాక ఒకరోజు బోధన్ కూరగాయల మార్కెట్‌లో మేడం కనిపించింది. ఆ ఏడే అక్కడి కాలేజీకి బదిలీ అయిందట. చేతిలో బీరకాయల సంచి, గడియారం లోపలికి. నేను కాళ్లకు దండం పెట్టబోతే ఆపింది. శ్రావణి సంగతి చెబితే నా చెయ్యి పట్టుకుంది. ఆమెను ఓదార్చాలన్నట్టు నేనే అన్నాను. "ఇప్పుడు భయం లేదు మేడం. మళ్ల కడుపుతోని ఉన్న. నల్ల గింజ అయిపోయింది గద."

ఆమె సంచి కింద పెట్టింది. పక్కన ఉల్లిగడ్డలమ్మే ఆవిడ మరాఠీలో గట్టిగా బేరమాడుతోంది, నాకు ఆ గొంతు కూడా ఇంకా చెవిలో ఉంది. "గింజ మళ్ల తిత్తిల వేయించలేదా నేను?" అని అడిగింది మేడం. లేదన్నాను. "నలుగురితోని వరుసగ తీయించిన్నా?" అవునన్నాను. నేల మీద ఉన్న సంచి వైపు చూస్తూ మాట్లాడింది. "ప్రతి కాన్పుకు నాలుగు గింజలు నాలుగే ఉంటయి బిడ్డా. తీసిన గింజ మళ్ల లోపటికి పోతది. అయిపోవుడు ఉండదు. ఇది నువ్వు తప్పు ఇనుడు కాదు, నేను తప్పు చెప్పుడు."

ఆ క్షణంలో నా కడుపులో ఉన్నది నాకు బరువనిపించింది. మొదటి దాని గురించి ఏమీ తెలియకుండా కన్నాను. ఈసారి నా లెక్కతో నేనే తెచ్చుకున్నాను. ఇంటికి పోయి మా ఆయనకు ఎట్లా చెప్పాలి? ఆ పని కూడా నా వల్ల కాలేదు. ఆ సాయంత్రమే ఆమె మా ఊరి బస్సెక్కి వచ్చి మా వాకిట్లో కూర్చుని అందరికీ చెప్పింది. తప్పు తనదని ముందు చెప్పి, తర్వాత మిగతాది చెప్పింది.

కడుపులో బిడ్డకు మాయ ఉంటుంది కదా, అందులోంచి పిసరంత తీసి, ఆ అక్షరాలు చదివి, జబ్బు ఉందో లేదో ఇప్పుడే చెప్పే పరీక్ష హైదరాబాద్‌లో చేస్తున్నారంది. "కడుపుల సూది పెడ్తరా? ఉన్నదాన్ని గూడ పోగొట్టుకుంటరా?" అంది అత్తమ్మ. "నీ భయం ఉత్తది కాదక్కా. కొందరికి గట్ల గూడ అయితది" అంది మేడం. అత్తమ్మకు ఆ జవాబు నచ్చినట్టుంది, కాస్త మెత్తబడింది. "మా వంశంల ఎవ్వలకు లేదమ్మా ఈ రోగం. మేనరికం చేసిన పాపమా?" అని అడిగింది. "పాపం ఏం లేదక్కా. ఒక్క ఇంట్ల ఉన్న తప్పు అక్షరం రెండు దిక్కులకెళ్లి వచ్చి కలిసింది. ఎవ్వలు రాయలేదు దాన్ని." తప్పు అక్షరం వస్తే ఏం చేయాలనేది ఆ సాయంత్రం ఎవరూ నోరు తెరిచి అనలేదు. అందరికీ తెలుసు.

హైదరాబాద్‌కు ఆమె కూడా వచ్చింది. శ్రావణిని చూసుకోవడానికి మా ఆయన ఇంట్లో ఉండాల్సి వచ్చింది. తెర మీద నా కడుపులోది కదులుతుంటే డాక్టరమ్మ పొడుగాటి సూది తీసింది. ధైర్యం చెప్పడానికి వచ్చిన మనిషి నా కాళ్ల దగ్గర నిలబడి, నా కాలి బొటనవేలు గట్టిగా పట్టుకుని, ముఖం గోడకు తిప్పుకుంది. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. "నవ్వకండి, కదలొద్దు" అని డాక్టరమ్మ కసిరింది. బొటనవేలి మీద ఆమె గోరు గాటు నాలుగు రోజులు ఉంది.

ఫలితానికి రెండు వారాలన్నారు. ఆ రెండు వారాలు నేనెట్లా గడిపానో నాకు సరిగ్గా గుర్తు లేదు. కడుపు మీద చెయ్యి వేసుకోవడం మానేశాను. వేసుకుంటే మమకారం పెరుగుతుందని భయం. ఫలితం ఇచ్చే రోజే శ్రావణికి నెత్తురు ఎక్కించాల్సి వచ్చింది. మేడం కాలేజీకి సెలవు పెట్టి పొద్దున బస్సుకు ఒక్కతే వెళ్లింది. సాయంత్రం నాలుగు దాటాక నిజామాబాద్ ఆస్పత్రి వార్డు గుమ్మంలో కనిపించింది. మడిచిన కాగితం రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆమె ముఖం చూసి అయిపోయిందనుకున్నాను. శ్రావణి చెయ్యి వదిలేసి గోడకు ఆనుకున్నాను.

ఆమె నా పక్కన కూర్చుని కాగితం విప్పింది. "ముందు పేరు సూడు, నీదేనా" అంది. నాదే. "నంబరు సూడు, ఆ రోజు సీసా మీద రాసిందేనా." అదే. "తారీఖు." నాకు ఆమె మీద పట్టలేనంత కోపం వచ్చింది. "మేడం, ఏమొచ్చిందో చెప్పుండ్రి" అన్నాను. "చెప్త బిడ్డా. బస్సుల నాలుగుసార్లు సదివిన. నీకు తప్పు చెప్పుడు మళ్ల నాతోని కాదు" అంది. ఒక్కో ఇంగ్లీషు ముక్క కింద వేలు పెట్టి, క్లాసులో చెప్పినట్టే తెలుగు చేసింది. "ఒక అక్షరం తప్పుది. ఒకటి మంచిది. మీ ఇద్దరి లెక్కనే. జబ్బు రాదు." చెప్పాక లేచి నిలబడబోయి మళ్లీ కూలబడింది. పొద్దుటినుంచి మంచినీళ్లు కూడా తాగలేదని అప్పుడు తెలిసింది. ఆస్పత్రిలో శ్రావణి కోసం తెచ్చిన పెరుగన్నం ఇద్దరం తిన్నాం.

అట్లా పుట్టినవాడు రవి. ఇప్పుడు ఎనిమిదేళ్లు. ఆ కాగితం ఇంకోలా వచ్చి ఉంటే నేనేం చేసేదాన్నో నాకిప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

మేడం మాత్రం ఆ తప్పును వదిలిపెట్టలేదు. బోధన్ కాలేజీలో చదివిన మా పాలోళ్ల పిల్ల చెప్పింది. గింజల పాఠం వచ్చిన ప్రతి ఏడూ మేడం, "ఇది నేను ఒక పిల్లకు తప్పు చెప్పిన పాఠం" అని మొదలుపెట్టేదట. తీసిన ప్రతి గింజనూ మళ్లీ తిత్తిలో వేయించేదట. ఒకసారి ఒక పిల్లకు వరుసగా రెండుసార్లు నల్లదే వచ్చిందట. "గిది గుర్తు పెట్టుకోండ్రి" అని ఊరుకుందట. రిటైరయ్యేదాకా అట్లా తన తప్పును తానే చెప్పుకుంది. అంత పెద్దమనసు నాకుంటుందా అంటే చెప్పలేను.

మనిషి జన్యువుల పుస్తకమంతా చదివేశారని పత్రికల్లో వచ్చిన రోజు పేపరు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పెళ్లి కుదిరిన ఇంటి మనిషిలా ఉంది. మా అత్తమ్మ అంతా విని, "గంత సదివినోళ్లు మా పిల్లకు మందెందుకు కనిపెడ్తలేరు?" అంది. మేడం పేపరు మడిచింది. "సదువుడే అయింది అక్కా. దిద్దుడు ఇంక రాలె." శ్రావణికి నెత్తురుతో పాటు చేరే ఇనుము గుండెకు పట్టకుండా రోజూ మందు మింగాలి. ఆ గోళీల డబ్బా వైపు చూసి ఆ మాటంది. తర్వాత వచ్చిన ప్రతి వార్తనూ కత్తిరించి దాచేది, కానీ మా ముందు ఆశపెట్టే మాట ఒక్కటీ అనలేదు. నాకు అప్పుడు అది కఠినంగా అనిపించేది.

పోయినేడు శ్రావణి ఆమెనొక మాట అడిగింది. నన్నడగలేదు, ఆమెనడిగింది. నేను వంటింట్లో ఉన్నాను. "మేడం, తమ్మునికి చేసిన పరీక్ష నాకు గూడ చేసి ఉంటే, నన్ను ఉంచుకునేటోళ్లా?" నా చేతిలో గరిటె ఆగిపోయింది. పదకొండేళ్ల పిల్ల ఎన్ని రోజులుగా ఆ మాటను లోపల పెట్టుకుని తిరుగుతోందో. ఉంచుకునేటోళ్లమని ఆమె అంటే బాగుండునని వేయిసార్లు అనుకున్నాను. ఆమె అనలేదు. "నాకు తెల్వదు బిడ్డా. అప్పుడు నువ్వెవ్వరివో ఎవ్వరికి తెల్వదు. ఇప్పుడు తెలుసు. ఇప్పుడు నువ్వు లేకుంటే మాకు నడవదు." కాసేపటికి శ్రావణి, "మేడం, చాయ్ తాగుతరా?" అని అడగడం వినిపించింది. పొయ్యి మీద కూర మాడిపోయింది.

మూలుగ మార్పిడి సంగతి తెచ్చింది కూడా ఆమే. అక్కకు తల్లి నుంచి, తండ్రి నుంచి ఏ ముక్కలు వచ్చాయో తమ్ముడికీ అవే వచ్చి ఉండాలట. దానికీ నాలుగింట ఒక వంతే. మళ్లీ అదే తిత్తిలో చెయ్యి పెట్టాలి. "ఈసారి నల్ల గింజనే కావాలె మనకు" అంది మేడం, నవ్వడానికి ప్రయత్నిస్తూ. పిల్లలిద్దరి నెత్తురు తీసి పంపిన రోజు ఆమెకు ఒంట్లో బాగాలేక రాలేదు. ఫోన్ చేసింది. "సీసాల మీద పేర్లు సరిగ్గ రాసిండ్రా? నువ్వు సూసినవా?" చూశానన్నాను. "కాగితం వస్తే ముందు పేరు సూడు. నంబరు సూడు. తర్వాతనే కిందికి పో." మీరే చదువుదురు గాని మేడం అన్నాను. "నువ్వు గూడ సదువుకున్నదానివే గద బిడ్డా" అంది. అదే చివరి మాట.

బుధవారం బోధన్‌లో మట్టి చేశారు. చర్చివాళ్లు పాడారు. రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు ఆగి, పెట్టె దాటాక మళ్లీ కదిలాయి. నేనూ గుప్పెడు మట్టి వేశాను. అప్పుడు గాని నాకు ఏడుపు రాలేదు. అందరూ వెళ్తుండగా ఆమె చెల్లెలు నన్ను పక్కకు పిలిచి ఒక పొట్లం ఇచ్చింది. విప్పితే తిత్తి. గుడ్డ రంగు వెలిసి, తాడు మాత్రం కొత్తగా మార్చి ఉంది. నాలుగు గింజలూ ఉన్నాయి. ఏ పిల్లల చేతులు తగిలాయో ఎన్నేళ్లు తగిలాయో, తెల్లవి పచ్చబడ్డాయి, నల్లది నున్నబడింది.

నిన్న పొద్దున శ్రావణి గడపలో కూర్చుని ఆ తిత్తి మూతి వదులు చేసింది. రవి పక్కన చేరాడు. వాడికి ఇది ఆట. నేను బియ్యం చెరుగుతున్నాను. వద్దనాలనిపించింది, కానీ వద్దంటే నేను దాన్ని నమ్ముతున్నట్టవుతుంది. శ్రావణి చెయ్యి లోపలికి పెట్టి, గింజలు కలిపి, ఒకటి పట్టుకుని పిడికిలి బయటికి తీసింది. "చూపియ్యి అక్కా" అన్నాడు వాడు. చింతగింజకు, హైదరాబాద్‌లో సీసాలో ఉన్న నెత్తురుకు సంబంధం లేదని నాకు తెలుసు. నాకు చెప్పింది ఎవరో కూడా తెలుసు. అయినా అది పిడికిలి విప్పుతుంటే, ఆనాడు సూదిని చూసి మేడం తిప్పుకున్నట్టే, నేను ముఖం గోడ వైపు తిప్పుకున్నాను.

"ఏమొచ్చింది?" అని గోడను చూస్తూనే అడిగాను.

"ఏమొస్తేంది అమ్మా, మళ్ల లోపటికే గద" అంది శ్రావణి. గింజ తిత్తిలో పడిన చప్పుడు వినిపించింది.